సీసాలో కారం, సీసాలో పులుపు: ఇంట్లో కారపు వెనిగర్ చేసుకోవడం గురించి

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం, రసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆనాడు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. పెద్దలకు, అమ్మలకు, వెనక వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ముందుగా మీకు ఒక సీసాను గుర్తు చేస్తాను. మన ఊళ్ళో సాయంత్రం ఏ నూడుల్స్ బండి దగ్గరికి వెళ్ళినా ఆ సీసా కనిపిస్తుంది. మూతకు మేకుతో చిల్లు పొడిచి ఉంటుంది. లోపల నీళ్ళలాంటి ద్రవం, అందులో అడుగున పేరుకుపోయిన పచ్చిమిరపకాయ ముక్కలు ఉంటాయి. ఆ ముక్కలు పచ్చగా ఉండవు, నానిన చింతాకు రంగులో ఉంటాయి. మీరు ప్లేటు చేతికి తీసుకోగానే ఆ సీసాను ఎత్తి నాలుగు చుక్కలు చల్లుకుంటారు. చల్లుకుంటారా, లేదా? అందరూ చల్లుకుంటారు. కానీ ఇంటికి వచ్చాక ఆ సీసాను మనం ఎందుకు తయారు చేసుకోము? నేను ఈ ప్రశ్న మా ఇంట్లో అడిగితే, మా అప్ప ఒకే మాటతో తేల్చేసింది: "నిమ్మకాయ ఉండగా ఆ గొడవ ఎందుకురా?"

అది సరైన ప్రశ్నే. కానీ ఎండాకాలంలో నిమ్మకాయ ధర ఏ స్థాయికి పోతుందో మీకు తెలుసు. పిండి పెట్టుకున్న నిమ్మరసం మర్నాటికి చేదెక్కుతుందనీ తెలుసు. కారపు వెనిగర్ అలా కాదు. ఒక ఆదివారం అరగంట కూర్చుని ఒక సీసా కట్టుకుంటే, అది నెలల తరబడి అలాగే ఉంటుంది, పైగా రోజులు గడిచే కొద్దీ రుచి కూడుతుంది. అయితే, ఇక్కడే ఒక మెలిక ఉంది. మనకు ఊరగాయ పెట్టడం తెలుసు గనుక ఇది కూడా ఊరగాయే అనుకుని, ఊరగాయ సూత్రాలతో దీన్ని చేయబోతాము. ఊరగాయను కాపాడేది ప్రధానంగా ఉప్పు. ఈ సీసాను కాపాడేది పులుపు, కేవలం పులుపు. ఆ పులుపు పలచబడితే సీసాకు కాపలా లేనట్టే. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది, కాబట్టి అదే విషయాన్ని పదే పదే చెబుతున్నానని మీరు విసుక్కోకూడదు.

వెనిగర్ అంటే ఏమిటి? పేరు ఫ్రెంచి వారిది. పులిసిన ద్రాక్షసారా అని అర్థం. ఉర్దూ మాటాడే ఇళ్ళలో దీనినే సిర్కా అంటారు. మనకు ఇది కొత్త అనుకుంటాము గాని, పులియబెట్టడం మనకు కొత్త కాదు. తరవాణి కుండ ఉన్న ఇంట్లో పెరిగిన వారు ఈ హాలులో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. అదిగో, సగానికి సగం ఉన్నారు. తరవాణిలోని పులుపు ముఖ్యంగా లాక్టిక్ ఆమ్లం, అంటే పెరుగులో ఉండే పులుపు. వెనిగర్‌లోని పులుపు ఎసిటిక్ ఆమ్లం. ఇది రెండు అంచెలలో పుడుతుంది. మొదట ఈస్టు తీపిని సారాగా మారుస్తుంది. తరువాత గాలి తగులుతూ ఉంటే ఎసిటోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఆ సారాను ఆమ్లంగా మారుస్తుంది. పొద్దున దించిన తాటికల్లు సాయంత్రానికి ఘాటెక్కి, రెండు మూడు రోజులకు నోట పెట్టుకోలేనంత పుల్లగా అయిపోవడం చూశారు కదా, ఆ దారి ఇదే. ఈ పని చేసేది సూక్ష్మజీవులేనని 1860లలో లూయీ పాశ్చర్ నిరూపించాడు. వెనిగర్ పైన తేలే ఆ పలుచని పొర జీవమున్న పదార్థమని, దానికి గాలి కావాలని ఆయన చూపించాడు.

ఇప్పుడు బజారు సంగతి. దుకాణంలో మీకు రెండు రకాల సీసాలు దొరుకుతాయి. ఒకటి పులియబెట్టి చేసినది. రెండవది ఎసిటిక్ ఆమ్లాన్ని నీళ్ళలో కలిపి చేసినది. రెండవ దానిపై సింథటిక్ అని ముద్రించి తీరాలని మన ఆహార నిబంధనలు చెబుతున్నాయి. రెండింటిలోనూ ఆమ్లం 100 మి.లీ.కి 3.75 గ్రాములకు తగ్గకూడదు. మీరు సీసా తిప్పి చూస్తే చాలా వాటి మీద 4 శాతం అని, కొన్నింటి మీద 5 శాతం అని కనిపిస్తుంది. నాకు ఇష్టమైనది 5 శాతం ఉన్న, పులియబెట్టి చేసిన తెల్ల వెనిగర్. సింథటిక్ వాడితే తప్పా? తప్పు కాదు, కాపలా అదీ కాస్తుంది. కానీ దాని వాసన ముక్కుకు సూటిగా తగులుతుంది, రుచిలో గుండ్రదనం ఉండదు. ఏది కొన్నా శాతం చూసి కొనండి. ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను. రసాయనాలు అమ్మే దుకాణంలో గాఢమైన ఎసిటిక్ ఆమ్లం చవగ్గా దొరుకుతుంది గదా, తెచ్చి నీళ్ళు కలుపుకుంటే పోలేదా అని కొందరు తెలివైన వాళ్ళు అడుగుతారు. వద్దు. అది చర్మం మీద పడితే కాలుస్తుంది, ప్రయోగశాలకు అమ్మే సరుకు తిండికి పనికివచ్చే శుద్ధిలో ఉంటుందన్న హామీ లేదు. ముప్పై ఏళ్ళు ఆ సీసాల మధ్యనే గడిపిన వాడిని, నేనే వద్దంటున్నాను.

కారం నీటికి లొంగదు

మన మిరపకాయకు కారం ఎక్కడ ఉంటుంది? గింజలో అని అందరూ అంటారు. గింజలో కాదు. కాయను నిలువునా చీల్చి చూడండి. గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలాంటి ఈనె ఒకటి ఉంటుంది. కారం తయారయ్యేది అక్కడ. గింజలు దానికి ఆనుకుని ఉంటాయి గనుక వాటికీ అంటుతుంది, అంతే. ఆ కారానికి కారణమైన పదార్థం పేరు కాప్సైసిన్. దాని స్వభావం ఏమిటంటే, అది నూనెలో హాయిగా కరుగుతుంది, సారాలో కరుగుతుంది, నీళ్ళలో మాత్రం దాదాపు కరగదు. అందుకే నోరు మండినప్పుడు నీళ్ళు తాగితే మంట తగ్గదు, మజ్జిగ తాగితే తగ్గుతుంది.

మరి వెనిగర్‌లో నూటికి తొంభై అయిదు వంతులు నీళ్ళే కదా? అందులోకి కారం ఎలా దిగుతుంది? నేను మొదటిసారి చేసినప్పుడు ఈ ప్రశ్న వేసుకోలేదు. రసాయన శాస్త్రం చెప్పే వాణ్ణి, వేసుకోవలసింది. నిగనిగలాడే పచ్చిమిరపకాయలు ఏరి, కడిగి, తొడిమలతో సహా నిండు కాయలుగా సీసాలో నిలబెట్టి వెనిగర్ పోశాను. చూడటానికి అద్దాల బీరువాలో పెట్టుకోవాలనిపించేటంత అందంగా ఉంది. పది రోజుల తరువాత రుచి చూస్తే వెనిగర్, వట్టి వెనిగర్. కారం లేదు. మా అప్ప ఏమీ అనలేదు, నిమ్మకాయ ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

తప్పు ఎక్కడ జరిగింది? మిరపకాయ తొక్క మీద మైనం లాంటి పూత ఉంటుంది. నీరుగాని ఆమ్లంగాని దాన్ని దాటి లోపలికి వెళ్ళాలంటే ఎన్నో రోజులు పడుతుంది. వెళ్ళినా, కాయ లోపల డొల్ల ఉంటుంది, అందులో గాలి ఉంటుంది. కారం ఉన్న ఈనెను వెనిగర్ ముట్టుకోనే లేదు. రుచి సంగతి అలా ఉంచండి; లోపలి డొల్లకు పులుపు చేరనంత కాలం ఆ కాయకు కాపలా కూడా లేదు. కాబట్టి కాయను కొన నుంచి తొడిమ దాకా నిలువునా ఒక గాటు పెట్టాలి, లేదా అంగుళం ముక్కలుగా కోయాలి. గుత్తి వంకాయకు పెట్టే గాటు మీ అందరికీ తెలుసు, అలాంటిదే.

ఇక కరగకపోవడం సంగతి. వెనిగర్‌లో కరిగేది చాలా కొంచెమే, నిజమే. కానీ నాలుకకు ఎంత కావాలి? 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఔషధ శాస్త్రవేత్త ఒక పద్ధతి పెట్టాడు: మిరపసారాన్ని పంచదార నీళ్ళతో పలచన చేసుకుంటూ పోయి, ఇక మంట తెలియడం లేదని రుచి చూసేవాళ్ళు చెప్పేదాకా ఎన్ని రెట్లు పలచన చేయవలసి వచ్చిందో లెక్కపెట్టడం. ఆ కొలతలో శుద్ధమైన కాప్సైసిన్‌ది దాదాపు 1 కోటి 60 లక్షలు. అంటే అంతలేసి రెట్లు పలచన చేసినా నాలుక దాన్ని పట్టేస్తుంది. కరిగేది కొంచెమే, నాలుకకు ఆ కొంచెమే చాలు. అయితే ఆ కొంచెం కరగడానికి సమయం ఇవ్వాలి, కొంచెం వేడి సాయం ఇవ్వాలి. నూనెలో వేసిన మిరపకాయలాగా వెంటనే కారం దిగాలని తొందరపడకూడదు.

ఒక లెక్క

ఇప్పుడు మీ చేత ఒక లెక్క చేయిస్తాను. భయపడకండి, ఆరో తరగతి లెక్కే. 4 శాతం వెనిగర్ 500 మి.లీ. తీసుకున్నాము. అందులో ఆమ్లం ఎంత? 20 గ్రాములు. అందులో 200 గ్రాముల పచ్చిమిరపకాయలు వేశాము. పచ్చిమిరపకాయలో నూటికి సుమారు 88 వంతులు నీరే. అంటే సుమారు 175 గ్రాముల నీరు. కాయ నానే కొద్దీ ఈ నీరు బయటికి, ఆమ్లం లోపలికి, చివరికి రెండూ సమానమవుతాయి. ఇప్పుడు ఆ 20 గ్రాముల ఆమ్లం 500లో కాదు, 675లో పరుచుకుంది. శాతం ఎంత? 3 కూడా లేదు. మీరు చెంచాడు నీళ్ళు కూడా పోయలేదు, నీళ్ళు మిరపకాయ పోసింది! దీనికి తోడు కడిగిన కాయలను తుడవకుండా వేస్తే ఆ తడి, చాలదన్నట్టు అల్లం ముక్కల నీరు, ఉల్లిపాయ నీరు. బండి మీది సీసాలో ముక్కలు కిక్కిరిసి ఉండగా, తరిగినప్పుడల్లా పైనుంచి పోసి నింపుతూ ఉంటారు. అది రెండు మూడు రోజులలో ఖాళీ అవుతుంది గనుక సరిపోతుంది. మనం నెలల తరబడి ఉంచుకోవాలి.

అందుకని నేను పెట్టుకున్న కొలత ఇది: 500 మి.లీ. వెనిగర్‌కు పచ్చిమిరపకాయలు 60 గ్రాములు, 5 శాతం వెనిగర్ దొరికితే 100 గ్రాముల దాకా. ఎక్కువ కారం కావాలంటే ఎక్కువ కాయలు వేయవద్దు, ఎక్కువ కారమైన కాయలు వెయ్యండి. సీతంపేట వైపు సంతలకు వెళ్ళేవారు అక్కడ చిటికెన వేలి గోరంత ఉండే చిన్న మిరపకాయలు వస్తే వదలకండి; అవి ఒక గుప్పెడు చాలు. లేదా ఎండుమిరపకాయలు వాడండి. ఎండు కాయలో నీరు లేదు గనుక పలచబడే బాధ అసలు ఉండదు. పైగా రంగు దిగుతుంది, ఒక రకమైన కమ్మటి వాసన కూడా వస్తుంది. నేను ఇప్పుడు సగం పచ్చివి, సగం ఎండువి వేస్తున్నాను.

ఇక చేసే విధానం చెబుతాను. గాజు సీసా తీసుకోండి. నీళ్ళలో మునిగేలా పెట్టి పది నిమిషాలు మరిగించి, తీసి, బోర్లించి, లోపల ఒక్క చుక్క తడి లేకుండా ఆరనివ్వండి. మూత సంగతి జాగ్రత్త. నా రెండవ సీసాకు జామ్ సీసా రేకు మూత పెట్టాను. ఇరవై రోజులకు తీయబోతే మూత అంచున గోధుమ రంగు పొక్కులు, లోపలి పూత పెచ్చులుగా ఊడి ద్రవంలో తేలుతోంది. ఆమ్లపు ఆవిరి ఇనుమును తినేసింది. మొత్తం పారబోశాను. కాబట్టి ప్లాస్టిక్ మూత గాని, బెండు గాని వాడండి. రేకు మూత తప్పకపోతే మధ్యలో మందపాటి ప్లాస్టిక్ కాగితం వేయండి. వేడి చేయడానికి స్టీలు గిన్నె, లేదా ఎనామెల్ గిన్నె. అల్యూమినియం వద్దు. ఇత్తడి, రాగి అసలే వద్దు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే చిలుము పడుతుందని మన అమ్మమ్మలు ఎందుకు చెప్పేవారు? ఆ ఆకుపచ్చ చిలుములో ఒక భాగం ఇదే ఎసిటిక్ ఆమ్లం రాగితో కలిసి తయారు చేసే లవణం. వారికి సూత్రం తెలియదు, ఫలితం తెలుసు; అందుకే కళాయి పోసేవాడు వీధిలోకి రాగానే ముందు పులుసు గిన్నెలు బయటికి వచ్చేవి.

మిరపకాయలు కడిగి, పొడి గుడ్డ మీద పరిచి, ఫ్యాను కింద గంట సేపు ఉంచండి. కోసే ముందు చేతికి నాలుగు చుక్కల నూనె రాసుకోండి. కారం నూనెలో కరుగుతుందని చెప్పాను గదా, తరువాత సబ్బుతో కడిగితే నూనెతో పాటు అదీ పోతుంది. గాటు పెట్టిన కాయలు, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, పది మిరియాలు, ఒక చెంచా ఉప్పు సీసాలో వేయండి. ఉప్పు ఇక్కడ రుచికి మాత్రమే, నిల్వకు కాదు. వెనిగర్‌ను పొయ్యి మీద పెట్టి, గిన్నె అంచున చిన్న బుడగలు మొదలయ్యే దాకా వేడి చేయండి, తెర్లనివ్వవద్దు. తెర్లితే ఆ ఆవిరికి ఇల్లంతా దగ్గు. సీసా కూడా గోరువెచ్చగా ఉండాలి, చల్లటి గాజులో వేడి పోస్తే పగులుతుంది. కాయలన్నీ మునిగేలా పోసి, చల్లారాక మూత పెట్టి, వెలుతురు తగలని అలమారాలో ఉంచండి. కాయలు పైకి తేలుతాయి. తేలిన కాయ వీపు మీదే బూజు మొదట పడుతుంది. అందుకని మొదటి వారం రోజుకు ఒకసారి సీసాను తలకిందులు చేసి మళ్ళీ నిలబెట్టండి. పది రోజులకు కారం తెలుస్తుంది. నాలుగు వారాలకు నేను కోరుకున్న రుచి వస్తుంది. అప్పుడు వడగట్టాలి.

వడగట్టడానికి నా దగ్గర పాత పొందూరు ఖద్దరు తువ్వాలు ఒకటి ఉంది. వాలుగ చేప దవడతో దూది ఏకి తీసిన నూలు అది, దానిలోంచి దిగిన వెనిగర్ అద్దంలా ఉంటుంది. పాతది అన్నాను, గమనించారా? కొత్త తువ్వాలును దీనికి వాడితే మన నేతగాళ్ళు నన్ను ఊళ్ళోకి రానివ్వరు.

ఇప్పుడు మన ప్రాంతపు రుచి సంగతి. మనకు ఆవ లేనిదే ముద్ద దిగదు. పనసపొట్టులో ఆవ, అరటికాయలో ఆవ. ఈ సీసాలో ఆవ వేయవచ్చా? వేయవచ్చు, వేయాలి కూడా, కానీ ఎలా వేయాలన్నది ముఖ్యం. ఆవగింజను అలాగే వెనిగర్‌లో పడేస్తే ఎన్నాళ్ళయినా ఘాటు రాదు. ఎందుకు రాదు? ఆవగింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. అందులో రెండు పదార్థాలు విడివిడి గదుల్లో ఉంటాయి. గింజ నలిగి, నీళ్ళు తగిలినప్పుడు ఒకదాని మీద ఒకటి పనిచేసి ఘాటు పుడుతుంది. ఆ పని చేసే ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది, పులుపుకు మందగిస్తుంది. మీరు కూరలో ఆవ ఎప్పుడు కలుపుతారు? పొయ్యి మీద ఉండగానా, దించిన తరువాతా? దించిన తరువాత! చూశారా, ఈ ఎంజైమ్ సంగతి మీ చేతికి ఏనాడో తెలుసు. కాబట్టి ఒక చెంచా ఆవపొడిని రెండు చెంచాల చల్లటి నీళ్ళతో తడిపి పది నిమిషాలు వదిలేయండి. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్ళ వెంట నీళ్ళు రావాలి. సరిగ్గా ఆ క్షణాన, బాగా చల్లారిన వెనిగర్‌లో కలపండి. అప్పటికే పుట్టిన ఘాటును పులుపు చాలా వరకు పట్టి ఉంచుతుంది. ముందే పులుపు తగిలితే ఘాటు సరిగా పుట్టదు, పుట్టాక పులుపు తగిలితే త్వరగా పోదు. ఈ తేడా పట్టుకోవడానికి నాకు మూడు సీసాలు పట్టింది. ఆ రెండు చెంచాల నీళ్ళతో పలచబడదా అని ముందు వరుసలో అమ్మగారు అడుగుతున్నారు. మంచి ప్రశ్న, నా పాఠం వంటబట్టిందన్నమాట. 500 మి.లీ.లో 10 మి.లీ. పెద్ద లెక్క కాదు; అయినా ఆవ వేసిన సీసాకు కాయలు కొంచెం తగ్గించండి.

కొందరు మధ్యలో భయపడతారు. వెల్లుల్లి రెబ్బలు నీలంగా, ఆకుపచ్చగా మారిపోయాయి, విషమైపోయిందేమో అని. కాలేదు. వెల్లుల్లిలోని గంధకపు పదార్థాలు పులుపులో మార్పు చెంది ఆ రంగు ఇస్తాయి. ఉత్తర చైనాలో ఆ ఆకుపచ్చ రంగు కోసమే పని కట్టుకుని వెల్లుల్లిని వెనిగర్‌లో వేస్తారు. పచ్చిమిరపకాయ చింతాకు రంగుకు తిరగడం కూడా సహజమే. పత్రహరితంలోని మెగ్నీషియాన్ని ఆమ్లం లాగేస్తుంది. మరి దేనికి భయపడాలి? పైన దూదిలాగా, నూగులాగా, నల్లగానో ఆకుపచ్చగానో బూజు పడితే, ద్రవం జిగురుగా సాగితే, మూత తీయగానే బుస్సుమని పొంగితే, రుచి చూడకుండా పారబోయండి. పైపైన తీసేసి వాడుకోవద్దు. పులియబెట్టిన వెనిగర్ వాడినప్పుడు ఒక్కోసారి జెల్లీలాంటి మెత్తటి పొర ఏర్పడవచ్చు, అది పాశ్చర్ చూపించిన పొరే, హాని లేదు, వడగట్టేయవచ్చు.

ఇంకొక హెచ్చరిక ఉంది, ఇది వెనిగర్ గురించి కాదు, దాని పక్క దారి గురించి. వెనిగర్ బదులు నూనెలో పచ్చి వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి బయట పెట్టుకుంటే ఇంకా కారంగా ఉంటుంది కదా అని మీకు తోచవచ్చు. కారంగానే ఉంటుంది. కానీ నూనె గాలిని ఆపుతుంది, పులుపును ఇవ్వదు. గాలి లేని, పులుపు లేని చోట, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును కలిగించే బ్యాక్టీరియా విషం తయారు చేయగలదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిల్వ ఉంచిన వెల్లుల్లి వల్ల ఎందరో ఆ జబ్బు పడ్డారు. పులుపును చెప్పే అంకెను పి.హెచ్. అంటారు, పులుపు పెరిగే కొద్దీ ఆ అంకె తగ్గుతుంది. ఆ బ్యాక్టీరియా పి.హెచ్. 4.6 కంటే తక్కువ ఉన్న చోట పెరగదు. మన వెనిగర్ పి.హెచ్. 3కు అటూ ఇటూ ఉంటుంది. మరి మన ఆవకాయలో నూనె లేదా అంటారేమో. అందులో అంతకు ముందే దండిగా ఉప్పు, మామిడికాయ పులుపు ఉన్నాయి. నూనె అక్కడ ఒంటరి కాపలాదారు కాదు.

అయితే ఇంట్లో చేసిన వెనిగర్ వాడవచ్చా? ఉద్దానంలో మా బంధువులు ఒకసారి తాటికల్లు ఇస్తే, కుండలో పోసి, గుడ్డ కట్టి, నెలన్నర ఉంచాను. ఘుమఘుమలాడే పుల్లటి వెనిగర్ తయారైందని మురిసిపోయి, అందులో మిరపకాయలు వేసి సీసా కట్టాను. రెండు వారాలకు పైన తెల్లటి ముడతల పొర, పాచి వాసన. నాలుకకు పుల్లగానే ఉంది, మరి ఎందుకు పాడైంది? కుండలో మిగిలిన దాన్ని కళాశాల ప్రయోగశాలకు తీసుకువెళ్ళి, ఇంటర్ పిల్లలు చేసే టైట్రేషనే, అంటే క్షారాన్ని చుక్కలుగా పోస్తూ ఆమ్లం ఎంత ఉందో కొలిచే పరీక్షే చేశాను. 4 శాతం వెనిగర్ ఒక మి.లీ.కి 0.1 నార్మల్ కాస్టిక్ సోడా ద్రావణం 6.7 మి.లీ. దాకా ఖర్చు కావాలి. నాది రెండున్నర మి.లీ. దగ్గరే, ఆమ్లం అయిపోయిందని చెప్పే గులాబీ రంగు తిరిగింది. అంటే ఒకటిన్నర శాతం! నా నాలుక నన్ను మోసం చేసింది. నాలుక పులుపును గుర్తుపడుతుంది గాని, కొలవదు. కాబట్టి ఇంట్లో చేసిన కల్లు వెనిగర్‌ను, అనాస తొక్కల వెనిగర్‌ను, చెరకు రసం వెనిగర్‌ను ఆ పూటకు కూరలో వాడుకోండి, తప్పులేదు. నిల్వ సీసాకు మాత్రం శాతం ముద్రించి ఉన్నదే వాడండి.

వడగట్టిన వెనిగర్‌ను చిన్న సీసాలలోకి ఎత్తి ఫ్రిజ్‌లో పెడితే ఆరు నుంచి ఎనిమిది నెలలు, చల్లటి చీకటి చోట బయట ఉంచితే మూడు నెలలు నిశ్చింతగా వాడుకోవచ్చు. మిగిలిన కాయలను పారేయకండి, అట్టు పిండిలో తరిగి వేసుకుంటే బాగుంటాయి. కడుపులో మంట, పుండు ఉన్నవారు దీని జోలికి వెళ్ళకూడదు. ఎవరూ దీన్ని చెంచాలతో తాగకూడదు, పళ్ళ మీది గట్టి పూత కరుగుతుంది. ఇది చుక్కలలో వాడవలసిన వస్తువు.

ఎక్కడ చల్లుకోవాలి? వేయించిన నెత్తళ్ళ మీద. ఉడకబెట్టిన గుడ్డును రెండుగా కోసి, పచ్చసొన మీద. పునుగుల పక్కన ఉల్లిపాయ ముక్కల మీద. పిడత కింద పప్పులో నిమ్మకాయ బదులు. ఇది ప్రపంచంలో ఎక్కడా లేని వింత కాదు. ఫిలిప్పీన్స్‌లో కొబ్బరికల్లు వెనిగర్‌లో మిరపకాయ, వెల్లుల్లి వేసి ప్రతి బల్ల మీదా ఉంచుతారు, అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో ఉడికించిన ఆకుకూర మీద మిరపకాయ వెనిగర్ చల్లుకోవడం ఆనవాయితీ. నేనూ తోటకూర వేపుడు మీద చల్లి చూశాను. బాగుంది, కానీ మా ఇంట్లో ఆ అభిప్రాయం నా ఒక్కడిదే.

ఇక ఈ బల్ల మీద రెండు సీసాలు ఉన్నాయి. ఎర్రటి దారం కట్టినది ఎండుమిర్చిది, దారం లేనిది ఆవ వేసినది. పక్క పళ్ళెంలో ఉల్లిపాయ ముక్కలు, వేయించిన నెత్తళ్ళు ఉన్నాయి; శాకాహారులకు పునుగులు వేరే పళ్ళెంలో ఉంచాము. దారం లేని సీసా వాసన ముందు దూరం నుంచి చూడండి, మూత దగ్గరకు ముక్కు పెట్టవద్దు. రండి, ముందు వరుస వాళ్ళు మొదట.